కొత్త బోల్టు

“రొట్టెపిండి పిసికే చేతులు కదా, నువ్వే లాగు ఇర్యా,” అంటూ మా ఆయన సులెవి కొత్త రైఫిల్‌ని వంటబల్ల మీద పెట్టాడు.

తూటా ఎక్కించడానికి బోల్టు పిడిని నేరుగా వెనక్కి లాగి ముందుకు తోసే రకం అది. కొత్తది కావడంతో మొండికేసింది, లాగగా లాగగా గాని మెత్తబడదు. నాలుగుసార్లు లాగేసరికి ఆయనకు ఓపిక అయిపోయింది.

వేసవంతా రేడియో వింటూ ఆ ఖాళీ తుపాకీ బోల్టుని రోజుకు రెండొందలసార్లు లాగాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆగస్టుకల్లా ఒక్క వేలితో లాగినా వచ్చేది.

అక్టోబరులో మా కుహ్మో అడవిలో దుప్పుల వేట మొదలైంది. తెల్లారగానే సులెవి బూట్లేసుకొచ్చి బోల్టు లాగి చూసుకుని మురిసిపోయాడు.

“భలే మెత్తబడిందే. బఠాణీ సూప్ రెండు కుండలు పెట్టు. మావాళ్ళు ఆకలిమీద వస్తారు.”

“తుపాకీ అక్కడ పెట్టు. నేను ఏడో నంబరు మాటు దగ్గర దుప్పి కోసం కాపు కాయాలి.”

“నువ్వా? కార్డేదీ?”

వేట కార్డు, గురి పరీక్ష నెగ్గిన కాగితం, ఆ తుపాకీకి నా పేరున తీసుకున్న పర్మిట్టు వరసగా బల్ల మీద పరిచాను. ఆయన మూడూ రెండేసిసార్లు చదివాడు.

“మరి నాకు తుపాకీ?”

“మీ నాన్న తుపాకీ ఉందిగా. దాని బోల్టు ఎప్పుడో మెత్తబడింది.”

“సూప్ ఎవరు చేస్తారు?”

“ఇవాళ నువ్వే. అది ఉడికాక అడవికి రా. బఠాణీలు నానేశాను,” అంటూ రైఫిల్ భుజాన వేసుకున్నాను. “మెత్తబడేదాకా గరిటె తిప్పుతుండు. కొత్తలో చెయ్యి నొప్పెడుతుంది, తర్వాత అలవాటైపోతుంది.”