అటు తిరిగి కూర్చునే పడవాయన

పెద్ద వరద వచ్చిన మూడో ఏడు.

నది పక్కనున్న ఆ రాజధానికి మళ్ళీ జంటలు రావడం మొదలైంది. టూరిస్టు ఆఫీసులో వాళ్ళకు ప్లాన్లు వేసేది ఒక గుమాస్తా.

మొదటి సాయంత్రం వంతెన మీద నడక. రెండోరోజు పొద్దున్న పాత కోట. పొద్దుగూకే వేళ ఇద్దరికే ఒక పడవ.

అందరూ ఆ పడవ కోసమే వచ్చేవాళ్ళు. ఫిర్యాదులూ దాని మీదే వచ్చేవి.

"ఏమయ్యా, మళ్ళీ ఆ ముసలాయన గొడవే," అన్నాడు యజమాని.

"ఏమంటున్నారండీ?"

"సినిమాహాల్లో పొడుగాయన ముందు కూర్చున్నట్టుందట. పడవెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆయన వీపు చూడ్డమేనట."

మిగతా పడవవాళ్ళు జంటకు ఎదురుగా కూర్చుని తెడ్లు లాగుతారు. ముసలాయన మాత్రం అటు తిరిగి కూర్చుని తెడ్లు తోస్తాడు. లాగడం తేలిక. తోస్తే భుజాలు పడిపోతాయి. పడవా నెమ్మదిగా పోతుంది.

గుమాస్తా రేవుకు వెళ్ళాడు.

"పెద్దాయనా, రేపట్నుంచి అందరిలాగే ఇటు తిరిగి కూర్చో."

"వద్దులే బాబూ."

"ఏం, ఎందుకొద్దు?"

"వాళ్ళేవో మాట్లాడుకుంటారు. మధ్యలో నా మొహం దేనికి?"

"అలాగైతే ఇంకో మనిషిని చూసుకోవాల్సొస్తుంది."

"చూసుకో బాబూ."

ముసలాయన తెడ్లు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గుమాస్తా తలెత్తి చూడలేదు. కొత్త ప్లాను కాగితాలు సర్దుకుంటున్నాడు.

అలసటగా ఉంది. ఊరికొచ్చినవాళ్ళందరికీ సరదా ఏర్పాటు చేసి ఇంటికి పోతే, ఇంట్లో మాట వినిపించదు. వరదలో పాప పోయినప్పటి నుంచీ అంతే. వండడం, తినడం, పడుకోవడం.

ఆ వారమే భార్య సంచి సర్దింది.

"కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటానండీ."

"కొన్నాళ్ళంటే?"

"ఏమో."

"ఎప్పుడు?"

"రేపు పదింటి బస్సుకి."

అతనికి తోచింది ఒక్కటే. ఆఫీసులో అడిగి పడవలో రెండు సీట్లు తీసుకున్నాడు.

"ఒక్కసారి రా. నేను వేసిన ప్లానులో మనమే ఎప్పుడూ వెళ్ళలేదు."

ఆమె కాదనలేదు. అంత ఓపిక కూడా లేనట్టు చెప్పులేసుకుంది.

కొత్త పడవవాడు కుర్రాడు. రంగుల చొక్కా. ఎదురుగా కూర్చుని నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు.

"దగ్గరగా జరగండి సార్. పడవేం ఒరగదు. అమ్మగారు అలిగారా? మా పడవెక్కితే ఎంతటి అలకైనా దిగాల్సిందే."

గుమాస్తా ఏదో చెప్పబోయాడు. కుర్రాడు చెవి ఇటు వేశాడు.

గుమాస్తా ఆ మాట అక్కడే వదిలేశాడు.

భార్య నీళ్ళ వంక చూస్తోంది. కళ్ళు నిండుతున్నాయి. కుర్రాడు తొంగిచూశాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. నలక," అని తుడిచేసుకుంది.

పొద్దుగూకడం బాగానే ఉంది. ఎవరూ చూడలేదు.

ఒడ్డెక్కాక, రేవు మెట్ల మీద ఆమె ఆగింది.

"ఆయన ఏడండీ?"

"ఎవరు?"

"అటు తిరిగి పడవ నడిపే ముసలాయన. మొన్న మీకు క్యారేజీ తెచ్చినప్పుడు చూశాను. ఆయన పడవనుకునే వచ్చాను."

"మాన్పించేశాం. జంటలకు నచ్చలేదు."

ఆమె మెట్టు మీద కూలబడింది.

"మీరు గుర్తుపట్టలేదా?"

"ఎవర్ని?"

"వరదలో మనల్ని డాబా మీంచి దింపింది ఆయనే."

"ఆయనతో రోజూ మాట్లాడేవాణ్ణే. మొహం చూస్తే తెలియదూ?"

"ఆ రోజు మొహం సరిగ్గా ఎప్పుడు చూశాం? మీరు వంగి చెంబుతో పడవలో నీళ్ళు తోడుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయన తెడ్లు ఆపి, అటు తిరిగి కూర్చున్నాడు. ఒడ్డు చేరేదాకా తిరిగి చూడలేదు. ఆ ఎడమ భుజం వాలుగా ఉండే వీపే నాకు తెలుసు."

గుమాస్తా పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"పాప కోసం నేను ఏడ్చింది ఆ పడవలోనే. ఒడ్డెక్కాక అందరూ చుట్టూ చేరి, ఊరుకో ఊరుకో అన్నారు."

లేచి చీర దులుపుకుంటూ అంది, "మీరూను."

మర్నాడు తెల్లవారగానే అతను రేవుకు వెళ్ళాడు. ముసలాయన పడవ కట్టే గుంజ ఖాళీగా ఉంది.

"ఆయనా? పడవ అమ్మేసి ఎగువకి పోయాడు సార్," అన్నాడు కుర్రాడు.

"ఏ ఊరు?"

"అడిగితే చెప్పే మనిషా ఆయన?"

రేవంతా వాకబు చేసి గుమాస్తా ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. భార్య మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సంచి. ఒళ్ళో పాప గౌను. దాన్ని సంచిలో పెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేక చూస్తోంది. పెదవి వణుకుతోంది.

ఊరుకో అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

కుర్చీ లాగి, గోడవైపు తిప్పి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తరవాత మొదలైంది, మూడేళ్ళ కిందట పడవలో విన్న ఏడుపు.

వీధి చివర పదింటి బస్సు హారన్ మోగి, దూరమైపోయింది. వెనక ఏడుపు ఆగలేదు. అతను తిరిగి చూడలేదు.