ఐదో గడి

"స్నేహితుడు అన్న మాట తప్పు. తీసేయండి," అన్నారు పెద్దాయన, నాలుగో ఫిర్యాదు పత్రం బల్ల మీద పెడుతూ.

అనువాదకురాలి గుండె గుభేలుమంది. ఒకే బోర్డు మీద నాలుగు ఫిర్యాదులొస్తే దాన్ని పీకేసి సబ్బుల ప్రకటన పెట్టేస్తానని పెద్దసారు ఎప్పుడో తేల్చేశారు.

ఆ బోర్డంటే ఆమెకు ప్రాణం. మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి, ఆడదాన్ని ప్రేమించే ఆడదాన్ని ఎవరూ చిన్నచూపు చూడొద్దని నగరపాలక సంస్థ పదకొండు భాషల్లో ప్రచారం మొదలుపెట్టింది. మిగతా పది భాషలకూ వీధికో బోర్డు దక్కితే, తెలుగుకు దక్కింది ఒకే ఒక్క బస్టాపు. అదైనా ఆమె పెద్దసారు చుట్టూ నెల్లాళ్లు కాళ్లరిగేలా తిరిగితే వచ్చింది. ఒకే గొడుగు కింద నవ్వుతున్న ఇద్దరు కుర్రాళ్ల ఫొటో పైనుంచి పంపారు. వాళ్లెవరో ఆమెకు తెలియదు. కింద ఉన్న మూడు ముక్కలు మాత్రం అచ్చంగా ఆమెవి.

"ఇతను మా అబ్బాయి. అతను మా అబ్బాయి స్నేహితుడు. ఇద్దరూ మావాళ్లే."

బోర్డు పెట్టిన మూడో రోజే ఈయన దిగబడ్డారు. అచ్చాఫీసులో నలభై ఏళ్లు తప్పులు దిద్ది రిటైరైన మనిషి. జేబులో ఉన్న ఎర్రపెన్ను మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.

మొదటిసారి, 'అబ్బాయి'కి ఒత్తు ఎగిరిపోయిందన్నారు. చూస్తే నిజమే, బోర్డు మీద 'అబాయి' అని పడింది. ఆమె నాలిక్కరుచుకుని, జిగురుసీసా పట్టుకుని వెళ్లి, ఒత్తున్న కాగితం ముక్క తానే అతికించి వచ్చింది.

రెండోసారి 'అతను' మీద పడ్డారు. భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాణ్ణి పట్టుకుని 'అతను' అంటూ అంత దూరం ఎందుకు తోశారట. వీడూ 'ఇతనే' కావాలట. ఆమె పళ్లు నూరుకుంటూ అదీ అతికించింది.

మూడోసారి 'మావాళ్లే' దగ్గర ఆగారు. అంత నొక్కి చెప్పడం దేనికి, కాదని ఎవరన్నారు, 'మావాళ్లు' అంటే చాలదా అని అరగంట పాఠం చెప్పి వెళ్లారు.

ఆఫీసంతా కలిసి ఆయనకు 'ఎర్రపెన్ను తాత' అని పేరు పెట్టేసింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని టైపిస్టు నవ్వేశాడు. పక్క సీటు అక్కయ్య మాత్రం గొంతు తగ్గించి హెచ్చరించింది. బోర్డు నచ్చనివాళ్లు ఆ మాట పైకి చెప్పరట. పిల్లలు పాడైపోతారని ఒకరు, ట్రాఫిక్‌కి అడ్డమని ఒకరు వస్తారట. ఈయన వ్యాకరణం ముసుగేసుకుని వచ్చాడనీ, ఒక్కో మాటా పీకి చివరికి ఉత్త రేకు మిగులుస్తాడనీ అంది. పైగా రోజూ సాయంత్రం ఆ బస్టాపులో కూర్చుని, ఏ బస్సూ ఎక్కకుండా ఆ బోర్డునే చూస్తుంటాడని ప్యూను చెప్పాడు.

ఇప్పుడిక నాలుగోది.

"స్నేహితుడులో తప్పేముందండీ?" అంది ఆమె.

"అక్షరాల్లో ఏం లేదమ్మా. మాటే తప్పు. గొడుగు అరువిచ్చి పోయేవాడు స్నేహితుడు. వీడు కాదు."

"మరి ఏం రాయమంటారు?"

"నేను తప్పులు గుర్తుపెట్టేవాణ్ణి. రాసేది మీరు. వీణ్ణి ఏమనాలో తెలుగులో ఒక మాట ఉంది. మీకూ తెలుసు."

ఇలాంటి కుర్రాళ్లను జనం ఏమేం అంటారో ఆమెకు బాగా తెలుసు. ఆ బూతులన్నీ వరసగా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఈ మనిషి తన నోరు పాడుచేసుకోకుండా, ఆమె చేత అనిపించాలని చూస్తున్నాడు. కోపంతో పత్రం లాక్కుంది. అప్పుడు కనబడింది ఐదో గడి. 'ఈ విషయంతో మీకు గల సంబంధం.' అక్కడ ఒక గీత గీసి వదిలేశారు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"గడి ఖాళీగా ఉంటే పత్రం చెల్లదు మాస్టారూ. మీరే చెప్పండి, నింపకుండా వదలడం తప్పు కాదూ?"

తప్పు అన్న మాట పెద్దాయనకు ఎక్కడో గుచ్చుకుంది.

"ఇది రాయాలా?" అన్నారు నెమ్మదిగా.

"రాసి తీరాలి," అంది ఆమె. ఏ సంబంధమూ లేదని ఒప్పుకుని, లేచి వెళ్లిపోతాడని ఆమె ధీమా.

ఆయన ఎర్రపెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. చివరికి వంగి రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, చివర చుక్క పెట్టి పత్రాన్ని ఆమె వైపు తిప్పారు.

ఐదో గడిలో ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "ఎడమవైపు అబ్బాయికి తండ్రిని, కుడివైపు అబ్బాయికి మామని."