కొరికిన రొట్టె

ముగ్గురూ తుపాకులతో గేటు దాటగానే కుక్క పరుగెత్తుకొచ్చింది. పాలవాణ్ణి కూడా మొరగకుండా లోపలికి రానివ్వని కుక్క, ఇవాళ మొరగలేదు. నేరుగా చివరివాడి వైపు దూసుకెళ్ళింది. వాడు తుపాకీ ఎత్తి కాల్చాడు. కుక్క ద్రాక్షపందిరి కింద పడి, రెండుసార్లు కాళ్ళు తన్నుకుని ఆగిపోయింది.

పొయ్యి దగ్గరున్న సబోహత్ చేతిలోంచి పిండిముద్ద జారిపోయింది.

"శభాష్ రా రజబ్!" అన్నాడు నాయకుడు సైఫిద్దీన్. "నిన్నగాక మొన్న చేరావు. గురి మాత్రం పాతవాడిదే."

రజబ్ గడ్డం నిండా దుమ్ము. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

ఆ ఏడు వఖ్ష్ లోయలో పత్తి విరగకాసింది. ఏరేవాళ్ళే లేరు. కొండల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఒకవైపు, మైదానంవాళ్ళు ఒకవైపు. నిన్నటిదాకా ఒకే చేలో పత్తి ఏరినవాళ్ళు ఒకరి గొంతు ఒకరు కోసుకుంటున్నారు. ఈ కొండవాళ్ళ ఊరంతా నది దాటి పారిపోయింది. తమ్ముడి కోసం సబోహత్ ఆగిపోయింది. నడవలేక పక్కింటి ఉమ్రీ పిన్ని ఆగిపోయింది. తుపాకీ మోత వినగానే ఆవిడ పెరట్లో పత్తికట్టె మోపుల వెనక దూరింది.

సైఫిద్దీన్ ఇంట్లోకి నడిచాడు. గోడకున్న మేకు దగ్గర ఆగాడు. అక్కడ ఒక గుండ్రటి రొట్టె వేలాడుతోంది. నడుమ పూల ముద్ర. అంచున ఒకే ఒక కొరుకు.

ఇల్లు విడిచి దూరం పోయేవాడు అలా ఒక్క ముక్క కొరికి వెళ్ళాలి. మిగిలింది తిరిగొచ్చి తనే తినాలి. ఇంకొకరు తిన్నారో, వాడిక ఇల్లు చేరడు.

"ఎవడిదే ఈ కొరుకు?"

"మా తమ్ముడిది."

"పేరు?"

సబోహత్ తల అడ్డంగా ఊపింది.

"మొన్న వంతెన దగ్గర మీవాళ్ళు నా తమ్ముణ్ణి చంపారు. మీసం కూడా సరిగా రాని పిల్లాడు. ఈ ఊళ్ళో కొరికిన రొట్టె వేలాడే ప్రతి ఇంటి కొడుకూ నాకు కావాలి. పేరు చెప్పు. ఎక్కడున్నాడో చెప్పు."

"చెప్పను."

"ఈవిడకి చెవుడేమో అన్నా," అని నవ్వాడు లావుపాటి నోసిర్. "చెవి పక్కన ఒకటి పేల్చనా?"

సైఫిద్దీన్ గుర్రపు కొరడా తీసి రజబ్ చేతిలో పెట్టాడు. "కుక్కని ఎవడైనా కాలుస్తాడు. మనిషి మీద నీ చెయ్యి లేస్తుందో లేదో చూడాలి. నువ్వు నావాడివని అప్పుడు నమ్ముతాను."

రజబ్ కదల్లేదు. నోసిర్ నవ్వు ఆగింది. అతని తుపాకీ మెల్లగా రజబ్ వైపు తిరిగింది.

సబోహత్ అది చూసింది. రజబ్ మొహం మీద ఉమ్మేసింది.

"ఏం రా, చెయ్యి లేవడం లేదా? మీ అమ్మ నీకు పాలిచ్చిందా, నీళ్ళ మజ్జిగ తాగించిందా?"

కొరడా లేచింది. మొదటి దెబ్బకి భుజం మీద చొక్కా చీలింది. రెండో దెబ్బకి చర్మం చీలింది. సబోహత్ మోకాళ్ళ మీద కూలబడింది. గోడ మీద రక్తం చిమ్మింది.

"పేరు!" అని అరిచాడు సైఫిద్దీన్.

"చెప్పను."

"రొట్టెలు చేసే చెయ్యి కదూ అది? గడప మీద పెట్టి విరిచెయ్ రా."

రజబ్ తుపాకీ మడమ ఎత్తాడు. గాల్లోనే ఆగింది.

"కొట్టరా సన్నాసీ! భయమా?" అంది ఆమె.

మడమ దిగింది. వేళ్ళు ఎండుకట్టెల్లా విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. సబోహత్ కింది పెదవి కొరుక్కుంది. నోరంతా రక్తమయింది. కంట్లోంచి చుక్క రాలలేదు.

సైఫిద్దీన్ మేకు మీంచి రొట్టె లాగాడు.

అంతే. అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి గొల్లుమంది. పాక్కుంటూ వచ్చి అతని బూట్లు పట్టుకుంది. "దాన్ని ముట్టకు! నీ కాళ్ళు మొక్కుతాను. నన్ను చంపు. రొట్టె మాత్రం వదిలెయ్!"

సైఫిద్దీన్ మొహం వెలిగిపోయింది. దొరికింది, దెబ్బ ఎక్కడ తగలాలో.

"రజబ్, ఆకలేస్తోందా?"

"వేస్తోంది అన్నా."

"తిను. ముక్క మిగలకూడదు."

రొట్టె పెంకులా ఎండిపోయి ఉంది. నోసిర్ పత్తిపూల బొమ్మలున్న నీలి గిన్నెలో టీ పోశాడు. రజబ్ గోడకి చేరబడి, ముంచుకుని ముంచుకుని తిన్నాడు. సబోహత్ గడప మీద పడి ఏడుస్తూనే ఉంది. రాలిన పలుకొకటి అతను వేలితో అద్ది, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"మెల్లగా తాగరా, గొంతు కాలింది వీడికి," అన్నాడు నోసిర్.

గిన్నె ఖాళీ అయింది. సైఫిద్దీన్ తృప్తిగా లేచాడు.

"నీ తమ్ముడిక ఈ గడప తొక్కడు. నేను వెతకక్కర్లేదు, చావే వాణ్ణి వెతుక్కుంటుంది. పదండి రా."

ముగ్గురూ గేటు బయట ఆపిన జీపెక్కి వెళ్ళిపోయారు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

జీపు చప్పుడు దూరమయ్యాక ఉమ్రీ పిన్ని దేక్కుంటూ వచ్చింది. సబోహత్ తల ఒళ్ళో పెట్టుకుని, విరిగిన చేతికి తన తలగుడ్డ చుట్టింది. అప్పుడు ఆవిడ చూపు ఖాళీ మేకు మీద పడింది. గుండెలు బాదుకుంది.

"నిన్ను కొట్టినవాడి చెయ్యి పుచ్చిపోను! ఆ రొట్టె తిన్నవాడి నోట మన్ను పడ! అయ్యో తల్లీ, మన పిల్లాడిక ఎలా ఇల్లు చేరతాడే!"

సబోహత్ బాగున్న చేత్తో ఆవిడ నోరు మూసింది.

"తిట్టకు పిన్నీ... వాడిప్పుడే వచ్చి, తన రొట్టె తను తిని వెళ్ళాడు."