సత్యవేడు మనిషి

“ఏ ఊరు నీది?”

“సత్యవేడమ్మా,” అంది వంటపని అడగవచ్చిన కుప్పమ్మ.

తిరుచానూరులో కొత్తగా కట్టిన లాడ్జి వంటిల్లు అది. అడిగింది యజమానురాలు పంకజాక్షి. ముంజేతుల నిండా గాజులు, జడలో మూరెడు మల్లెపూలు. జవాబు వచ్చేలోగానే ఆమె చూపు ఒళ్ళోని బియ్యం చేటలోకి దిగిపోయింది.

ఆమె భర్త చెంగల్రాయుడు మాత్రం సంబరపడ్డాడు.

“సత్యవేడా! మా ఆమెదీ ఆ ఊరే. పాపం, చిన్నప్పుడే అమ్మానాయనా పోయినారు. మేనమామ తెచ్చి నా చేతిలో పెట్టినాడు.”

కుప్పమ్మ ఆయన మీది నుంచి చూపు తిప్పుకుంది. నీళ్ళడిగింది. గిన్నెలు తోముతున్న గంగులమ్మ చెంబు అందిస్తే గటగటా తాగేసింది.

“నీకెవురెవురుండారు?” అన్నాడు చెంగల్రాయుడు.

“మొగుడు పోయినాడు సార్. అమ్మ ఉండాది. కండ్లు సరిగ్గా అగుపడవు. బయట అరుగు మీద కూసోబెట్టొచ్చినాను.”

పంకజాక్షి చేతిలో చేట ఆగింది. మళ్ళీ కదిలింది.

“జీతంతో పాటు పెరట్లో గది ఉండాది. తల్లీ కూతుళ్ళు హాయిగా ఉండచ్చు. ముందు నీ చేతి రుచి సూడనీ,” అన్నాడు చెంగల్రాయుడు.

గది అన్న మాట చెవిన పడేసరికి కుప్పమ్మకు ప్రాణం లేచివచ్చింది. చిత్తూరులో ఎన్ని వాకిళ్ళు ఎక్కి దిగిందో! పగటిపూట ఇల్లిచ్చిన వాళ్ళే, ఈ తల్లీకూతుళ్ళు ఎక్కడినుంచి వచ్చారో తెలిసిన మరునాడు చట్టీ కుండా వీధిలో పెట్టేవాళ్ళు. అందుకే ఈసారి తాత పుట్టిన ఊరి పేరు చెప్పింది.

చీర కుచ్చెళ్ళు బిగించి పనిలోకి దిగింది. అన్నం వార్చింది, పప్పు ఎనిపింది. పచ్చడికని ఎండుమిరపకాయలు, చిన్న ఎర్రగడ్డలు, పచ్చి కొబ్బరి రోట్లో కచ్చాపచ్చాగా దంచి నిమ్మకాయ పిండింది. తాలింపు పెట్టలేదు. చిన్నప్పటినుంచీ చేతికి అలవాటైన పచ్చడి అది.

చెంగల్రాయుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“అబ్బా! ఏం పచ్చడిది! ఏమే, నువ్వూ తిను.”

“నాకొద్దు.”

“ఒక్క ముద్ద తినవే!” అంటూ తనే కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

పంకజాక్షి తింది. మెల్లగా నమిలింది. ఉన్నట్టుండి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది.

“కారమా?” అన్నాడు భర్త.

“ఈమెది సత్యవేడు కాదు,” అంది పంకజాక్షి. “సిలోను. ఓడ దిగొచ్చినోళ్ళు.”

గంగులమ్మ చేతిలో గిన్నె ఠంగుమంది. “సిలోనోళ్ళా! వాళ్ళొచ్చినాకనే గదమ్మా మా వోనికి మిల్లులో పని లేకుండా పోయింది!”

చెంగల్రాయుడు భార్య వైపు మెచ్చుకోలుగా చూశాడు. “ఎట్ల కనిపెట్టినావే?”

“మన పక్క ఈ పచ్చడి ఎవురు చేస్తారు?”

ఆయన కుప్పమ్మ వైపు తిరిగాడు. “నిజమేనా?”

“అబద్ధం సెప్పలేదు సార్. మా తాతది సత్యవేడే. తెల్లోళ్ళ టీ తోటలకని తీసకపోయినారు. మేం ఆడ పుట్టినాం. మీ దేశానికి మీరు పొండని ఆ దేశమోళ్ళు ఓడ ఎక్కించినారు. ఈడికొస్తే మీరు సిలోనోళ్ళంటారు. మాది యా ఊరో మీరే సెప్పండి సార్.”

చెంగల్రాయుడు మెత్తబడ్డాడు. “పోనీలేవే. తాత ఊరంటే నీ ఊరే గదా. నీకూ ఒక తోడుంటాది.”

“నాకు తోడేం అక్కర్లేదు. ఒకరికి చోటిస్తే పదిమంది దిగుతారు. రేపు నలుగురూ మనల్ని గూడా వాళ్ళతోనే జమ కడతారు. తిరుచానూరులో తలెత్తుకోని తిరగొద్దా?”

కుప్పమ్మ రెండడుగులు ముందుకు వేసింది.

“అమ్మా, నా మొగం ఒకసారి సూసి ఆ మాట సెప్పు. వద్దంటే పోతాను.”

పంకజాక్షి తలెత్తింది. మొదటిసారి నిండుగా చూసింది. రెప్ప కూడా కొట్టలేదు.

“నువ్వెవురో నేనెరగను. పో.”

ఆ తర్వాత చెంగల్రాయుడు ఏమన్నాడో కుప్పమ్మ చెవికెక్కలేదు. పెరటి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి గాజుల చప్పుడు వినబడింది. పంకజాక్షి! చేతిలో అరిటాకు పొట్లం.

“ముసలామెకు పెట్టు,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకెప్పుడూ ఈ పక్కకు రావద్దు” అంది.

“చూసినావా గంగులమ్మా,” అంటున్నాడు లోపల చెంగల్రాయుడు. “కోపమే గాని, మనసు వెన్న.”

“వద్దమ్మా,” అంది కుప్పమ్మ. “మాయమ్మ ముక్కూ మొగం తెలీనోళ్ళ కూడు తినదు.”

వెనక్కి తిరిగి చూడకుండా వీధిలోకి నడిచింది. పాదాల కింద ఎండ చురుక్కుమంటున్నా తెలియలేదు. చిత్తూరులో సామాను విసిరేసిన వాళ్ళ మీద కూడా ఇంత కోపం రాలేదామెకు. వాళ్ళు ఎవరో, ఏమో.

తల్లి అరుగు మీదే ఉంది. ఉతికిన చీర కట్టుకుని, తడితల దువ్వుకుని, చుట్టాలింటికి బయలుదేరినట్టు కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే పోల్చుకుని చెయ్యి చాపింది.

“ఏమాయ?”

“పని లేదంటమ్మా.”

“మనం యాడోళ్ళమో తెలిసిపోయిందా?”

“తెలిసిపోయింది.”

“ఎవురు సెప్పినారు?”

కుప్పమ్మ కిందికి వంగింది. తల్లిని లేపి నిలబెట్టింది. ముసలామె కదల్లేదు. కనబడని కళ్ళతోనే లాడ్జి వైపు తిరిగి, కూతురి చేతిని గట్టిగా పట్టుకుంది.

“పనిదేముందిలే, ఇంకోటి దొరుకుతాది,” అని నవ్వింది. “నీ చెల్లెలు బాగుండాదా?”