భాగమ్మ పట్టిన జాగ

"నర్సప్పా, నీ పెండ్లామే గుట్ట కాడ కంకర కొడుతుంది," అన్నరు.

నమ్మలే. పెద్దేముల్ సడకకు కంకర కావాలె, మా గుట్టను పలగ్గొడతమని సర్కారోళ్లంటే, వద్దని తాసిల్దారు కాళ్ల మీద పడ్డది భాగమ్మనే. మా సచ్చినోళ్లను బొందపెట్టేది ఆడనే. ఆయన ఇనలే. ఊరోళ్లం ఎవ్వరం కూలికి పోవద్దని కట్టుబాటు చేసుకున్నం. పోయినోళ్లకు అగ్గి, నీళ్లు బంద్. గుత్తెదారు కన్నడం దిక్కు నుంచి కూలోళ్లను తెచ్చిండు.

ఉరికిన. ఆ కూలోళ్ల నడుమ భాగమ్మ సుత్తె పట్టుకొని కూసున్నది.

"సిగ్గు లేదానే? లే!" రెక్క పట్టి గుంజిన.

లేవలే. "నేను లేస్తే ఇంకొకామె కూసుంటది. ఎవరి జాగల రాళ్లు వాళ్లే కొట్టాలె, ఇంకొకరు ముట్టొద్దని మేస్త్రి చెప్పిండు. అందుకే అందరికంటే ముందొచ్చి ఈ జాగ పట్టిన."

అప్పుడు సూసిన. ఆమె కొంగు కింద చిన్న రాళ్ల కుప్ప. ఒక్క రాయి కదలలే. నక్కలు తోడొద్దని పోయిన ఆనకాలం నేనే పేర్చిన, మా బిడ్డ మీద.

"పొద్దుగూకే వరకు ఈ కొలత పెట్టె నిండ కంకర కాకపోతే మేస్త్రి నన్ను లేపుతడంట," అన్నది భాగమ్మ. ఆమె వేళ్ల నుంచి నెత్తురు కారుతున్నది. "గుట్ట మీది రాళ్లు తెచ్చి కొడుతున్న. నిండుతలేదయ్యా."

నా ఎనక ఊరంతా వచ్చి నిలబడ్డది.

"మేస్త్రీ," అన్న, "నాగ్గూడ ఒక సుత్తె ఇయ్యి."