సంతకం కలవలేదు

మూడోసారి కూడా అదే జవాబు వచ్చింది. సంతకం కలవలేదు కాబట్టి మీ పెన్షన్ ఖాతాను వేరే కంపెనీకి బదిలీ చేయలేమని హైదరాబాదు పెన్షన్ కంపెనీవాళ్లు ముక్తసరిగా రెండు వాక్యాలు రాసి పంపారు.

కాలేషాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా సౌదీలోని ఖఫ్జీలో క్రేన్ నడుపుతున్న మనిషి. రోజూ పొద్దున సైటు గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి పోతాడు, సాయంత్రం మళ్లీ పెట్టి బయటికి వస్తాడు. ఇక్కడ చెల్లే సంతకం హైదరాబాదులో ఎందుకు చెల్లదో తేల్చుకోవాలని, శుక్రవారం సెలవు చూసుకుని, క్యాంపు గదిలో తలుపేసుకుని ఆ కంపెనీకి వీడియో కాల్ చేశాడు.

అవతల ఫోనెత్తింది హాసిని అనే ఆఫీసరు. వయసులో చిన్నదైనా ఓపిక ఉన్న పిల్ల. రూల్సన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పుకొచ్చింది. వచ్చే నెల ఆరో తేదీకి ఆయనకు అరవై నిండుతాయి, ఆ రోజు నుంచి పెన్షన్ మొదలవుతుంది, మొదలయ్యాక ఇక కంపెనీ మార్చుకునే వీలుండదు. మార్చాలంటే ఫైల్లో ఉన్నట్టే సంతకం చేసివ్వాలి.

ఆ వీల్లేకపోవడమే కాలేషాకు మింగుడు పడటం లేదు. పాత కంపెనీ ఇస్తానంటున్నది ఆకువక్కకు కూడా చాలదు. కొత్త కంపెనీ దానికి రెట్టింపు ఇస్తానంటోంది. పైగా దానికి ప్రొద్దుటూరులోనే ఆఫీసుంది, తేడా వస్తే నేరుగా పోయి కాలరు పట్టుకుని అడగొచ్చు. ఇన్నేళ్లు ఎండలో మాడి దాచుకున్నది చేతికందే వేళకు ఎవడో సంతకం వంక పెట్టి ఆపుతానంటే ఊరుకుంటాడా?

తెల్లకాగితం తీసి కెమెరా ముందు పరిచాడు. చూసుకోమని చెప్పి వరసగా పది సంతకాలు పెట్టాడు. పదీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. హాసిని అన్నిటినీ చూసి, మీ సంతకాలు ఒకదానితో ఒకటి బాగానే కలుస్తున్నాయి గానీ ఫైల్లో ఉన్నదానితోనే కలవడం లేదని నొచ్చుకుంటూ చెప్పింది.

"అయితే ఆ ఫైలు చూపీమ్మా. చూపిచ్చేదాకా నేను ఫోన్ పెట్టను" అన్నాడు కాలేషా.

చూపించకూడదని ఆమె అంది. నా పేరు మీదున్న ఫారం నేను చూడకూడదని ఏ పుస్తకంలో రాసుందో ఆ పుస్తకమైనా చూపించమన్నాడు. మీ మేనేజర్ని పిలువు, ఆయన పైవాణ్ణి పిలువు, సాయంత్రం దాకా ఇట్లాగే కూర్చుంటా, నాకు ఈ రోజు డ్యూటీ లేదన్నాడు. చివరికి ఆమె ఎవరినో అడిగి వచ్చి, ఫారాన్ని స్క్రీన్ మీద పెట్టింది.

కాలేషా కళ్లద్దాలు సవరించుకున్నాడు. తన సంతకమైతే తాడు చిక్కుపడ్డట్టు ఉంటుంది. ఇది ముత్యాల్లాంటి అక్షరాలతో, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలతో ముచ్చటగా ఉంది. పక్కనున్న తేదీ చూశాక ఆయనకు విషయం తెలిసిపోయింది. ఆ ఏడాది తను ఊరికి పోనేలేదు. పాస్‌పోర్టులో ముద్రలే సాక్ష్యం.

"ఇది దొంగ సంతకం. ఖాతా తెరిపించిన ఆ ఏజెంటు గురవయ్య పని. వాణ్ణి జైల్లో పెట్టిస్తా."

హాసిని కంగారు పడింది. దొంగ సంతకమని రాసిస్తే విచారణ తేలేదాకా ఖాతా మొత్తం ఆగిపోతుందని, బదిలీ మాట అటుంచి నెలనెలా వచ్చే పెన్షన్ కూడా రాదని హెచ్చరించింది.

"ఆగనీ. తిండి లేకపోయినా ఉంటా గానీ దొంగకు మాత్రం తలొంచను. సాయంత్రంలోగా కాగితం పంపుతా."

ఫోన్ పెట్టేసి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. గురవయ్య ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు కావాల్సి వచ్చాయి. ప్రొద్దుటూరులో ఉన్న భార్య మెహరున్నిసాకు ఫోన్ చేశాడు. ఈ పెన్షన్ గొడవ ఇంతవరకు ఆమె చెవిన వేయలేదు. కాగితాల వ్యవహారం ఆమెకేం తెలుస్తుందని ఆయన నమ్మకం. ఇప్పుడు మాత్రం జరిగిందంతా రొమ్ము విరుచుకుని చెప్పాడు.

ఆమె అడ్డు రాకుండా అంతా వింది.

"సంతకం కింద గీత, రెండు చుక్కలు ఉండాయా?" అని అడిగింది.

"ఉండాయి. నీకెట్ల తెలుసు?"

"పెట్టింది నేనే కదా. గురవయ్యన్న ఫారం తెచ్చిన పొద్దు నువ్వు యాడుండావు? పిల్లోళ్ల ప్రోగ్రెస్ కార్డులు, గ్యాసు, కరెంటు, బ్యాంకు, అన్నిటికీ మొగుడి సంతకం కావాలంటిరి. నువ్వేమో రెండేండ్లకొకసారి వస్తివి. కాగితాలు అంతవరకు కాసుకోనుంటాయా?"

కాలేషా మాత్రం, అయినా సరే, తన సంతకమే అసలైనదని, దాన్నే ఒప్పించి తీరుతానని బింకంగా అన్నాడు.

"నీది యాడా చెల్లదు" అంది మెహరున్నిసా తాపీగా. "ఇరవై రెండేండ్ల నుంచి ఈ ఊర్లో కాలేషా సంతకమంటే అదే. ఫొటో తీసి పంపుతాండా, సాయంత్రం లోపల నేర్చుకో."