నమస్కారానికి బదులు ఒక బోల్టు

తిరిగి రాని నమస్కారాన్ని మించిన అవమానం మానవ చరిత్రలో ఇంతవరకూ నమోదు కాలేదు.

ఈ సత్యాన్ని గుండెలోతుల్లోంచి గ్రహించినవాడు బాక్సుల మేస్త్రి. కార్ల డిక్కీల్లో పెద్ద స్పీకర్లకు ఫైబర్‌గ్లాస్ పెట్టెలు కట్టడంలో ఆయనకు సాటి లేదు. ఇంటి పక్కనున్న రేకుల షెడ్డే ఆయన ఆస్థానం. గ్రైండర్ పెట్టే కేక ఆయనకు జోలపాట. ఆయన కట్టిన పెట్టె మోగితే విన్నవాడి పక్కటెముకలు తాళం వేయవలసిందే. "శబ్దమంటే ఛాతీతో వినాలి" అన్నది ఆయన సిద్ధాంతం.

అంతటివాడు ఒకనాటి ఉదయం గేటు దగ్గర నిలబడి, ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన పెద్దమనిషికి నిండు మనసుతో నమస్కారం పెట్టాడు. ఆ పెద్దమనిషి చేతులు స్టీరింగు మీద నుంచి కదలలేదు. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు కదిలాయి. కారు సాగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మేస్త్రి చెయ్యి దించి, పగ పట్టాడు.

ఈ పగను కట్టుకున్న భార్యకు సైతం చెప్పలేదు. మహావీరులు ఇలాంటివి కడుపులోనే దాచుకుంటారు. పైగా ఆమెకు చెబితే అది రహస్యంగా మిగలదు. పుట్టింటివాళ్లందరిదీ పెద్ద గొంతే. ఈమధ్య ఆమెది మరీ పెరిగి, కాఫీ కావాలా అని అడిగినా ఊరేగింపులో నినాదంలా ఉంటోంది. ఎప్పుడైనా గొంతు తగ్గించిందంటే, అది ఏ చీర సంగతో అయి ఉంటుందని ఆయన హుందాగా తలూపి ఊరుకునేవాడు.

శత్రువు తనంత తానే వలలో పడ్డాడు. ఓరోజు ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి తాళంచెవి ఆడించింది.

"ఏవండీ! ఎదురింటాయన కారుకి మీ చేత బాక్సు కట్టించుకుంటాడట!"

"ఆ మాట నాతో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదా? నీతో రాయబారమా?"

"మీరు పనిలో ఉన్నారని నాకిచ్చి వెళ్లాడు! కడతారా, లేదా?"

"కడతాను. జన్మలో మరిచిపోలేనట్టు కడతాను."

"ఆ నవ్వేంటండీ? మా అన్నయ్య పెళ్లిలో ఫొటోగ్రాఫర్ని చూసి ఇలాగే నవ్వారు! పాపం, అతను మళ్లీ కనపడలేదు!"

ఆయన తాళంచెవి లాక్కుని కారు దగ్గరికి నడిచాడు. వెంటనే డిక్కీ లోపలంతా టేపు అంటించడం మొదలుపెట్టాడు.

ఆ పెట్టెను కట్టినంత శ్రద్ధగా ఆయన తన ఇల్లు కూడా కట్టుకోలేదు. డిక్కీ వంపులన్నిటికీ ఫైబర్ చాపను ముక్కలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, పొర మీద పొర వేశాడు. గట్టిపడ్డాక ఊడదీస్తే, డిక్కీ మూల మూలా అచ్చు దిగిన పెంకు వచ్చింది. ముందు భాగంలో స్పీకరుకు చెక్క చట్రం నిలబెట్టి, దాని మీద గుడ్డ బిగలాగి, దానికీ రెజిన్ తాగించాడు.

ఇక అసలు ఘట్టం. పెట్టె వెనక మూలలో, రెండు పొరల మధ్య, చిన్న గూడు కట్టాడు. అందులో ఒక బోల్టు వేయాలి. తడి రెజిన్ మీద వేస్తే అతుక్కుపోతుంది, పగ మూగబోతుంది. అందుకని అంత ఆవేశంలోనూ పొర బాగా ఆరేదాకా ఆగాడు. అప్పుడు బోల్టును లోపల వేసి గూడు మూసేశాడు. పెట్టెను ఊపి చూస్తే అరచేతికి టకటకమని తగిలింది. ఆహా!

ఇక ఏ పాట పెట్టినా గలగల. పెట్టెను పగలగొడితే తప్ప పోని గలగల. ఆ పెద్దమనిషి వెర్రెత్తి గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. రెండు చేతులూ జోడిస్తాడు. అప్పుడు మేస్త్రి ఆకాశంలోకి చూస్తాడు.

కారు తిరిగి వెళ్లిన నాటి నుంచి ఆయన గేటు దగ్గర కాపలా కాశాడు. కారు వచ్చేది. పాట ఛాతీలో దబదబమని దిగేది. గలగల మాత్రం లేదు. స్వచ్ఛంగా, ఘనంగా, మేస్త్రి జీవితంలో కట్టినవాటన్నిటిలోకీ గొప్పగా మోగుతోంది ఆ దిక్కుమాలిన పెట్టె.

నిన్న ఆ పెద్దమనిషి కారు ఆపి దిగాడు. డిక్కీ తెరిచి, వెనక మూల వేలితో తట్టి, నవ్వుతూ పెదవులు కదిపాడు. పొగుడుతున్నాడు! పొగడ్తను కూడా నోరు తెరిచి చెప్పడు! మేస్త్రి చక్రవర్తిలా తలూపి లోపలికి వచ్చేశాడు.

ఈరోజు కారు మళ్లీ వెళ్లింది. మళ్లీ అదే స్వచ్ఛత. ఆయన గేటు ఊచలు పట్టుకుని ఊగిపోయాడు. బట్టలు ఆరేస్తున్న భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

పగ కట్టలు తెంచుకుంది. నమస్కారం, అవమానం, గూడు, బోల్టు, అన్నీ చెప్పేశాడు.

"ఆరేదాకా ఆగే వేశాను! అయినా అతుక్కుపోయింది! నా బోల్టు నన్నే మోసం చేసింది!"

ఆమె చేతిలోని తడి చొక్కాను పిండటం మరిచిపోయి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత వీధి వీధంతా వినేలా అంది.

"ఆ గలగలా, 'నమస్కారం మేస్త్రి గారూ' అని ఆయన రోజూ అనడమూ ఈ దండెం దగ్గరికే వినపడుతున్నాయి, మీ చెవులు డాక్టరుకి చూపిద్దామని మాత్రం నలుగురూ వింటే మీ పరువు పోతుందని ఇన్నాళ్లూ మెల్లగా చెబుతున్నాను!"